మీ ఇంటి కప్పు ఏ రంగు?



ఎండాకాలం రాత్రి మీ ఇంట్లో నిద్ర పడుతోందా?

పొద్దు గూకి చాలాసేపయింది. వాకిట్లో కూర్చుంటే కాస్త గాలి తగులుతోంది. గదిలోకి వస్తే మాత్రం ఒకటే ఉక్క. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అది వేడిగాలినే మన మీదికి తోస్తోంది. చంటిబిడ్డ ఒంటి నిండా చెమటకాయలు. ముసలామె అటూ ఇటూ దొర్లుతోంది గాని కన్ను మూయడం లేదు.

సూర్యుడు పోయాక కూడా ఈ వేడి ఎక్కడినుంచి వస్తోంది?

చాలావరకు నెత్తి మీది కప్పు నుంచి వస్తోంది. స్లాబు పగలంతా ఎండ తాగుతుంది. స్లాబు మందంగా ఉంటుంది. కాబట్టి వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. మధ్యాహ్నం తాగిన వేడిని సాయంత్రం, రాత్రి గదిలోకి వదులుతుంది. రేకు పలచన. దానికి ఆగే ఓపిక లేదు. ఎండ ఎక్కగానే రేకుల ఇల్లు పొయ్యిలా కాలిపోతుంది.

వెనక తాటాకు ఇళ్ళు, పెంకుటిళ్ళు ఉండేవి. ఆకు మందంగా పరిచేవాళ్ళు. పెంకుల సందుల్లో గాలి ఆడేది. ఇల్లు చల్లగా ఉండేది. అలాగని మళ్ళీ తాటాకు కప్పుకుందామా? ఒక్క నిప్పురవ్వ పడితే వాడంతా బూడిదయ్యే రోజులు మనకెందుకు? స్లాబు మంచిదే. మన ఎండలకు దాని రంగే మంచిది కాదు.

రంగుకూ వేడికీ ఏం సంబంధం? నమ్మకపోతే మీరే చేసి చూడండి.

రెండు పెంకు ముక్కలు తీసుకోండి. రెండూ ఒకే మాదిరి ఉండాలి. ఒకదానికి పొయ్యి మసి పూయండి. రెండోదానికి సున్నం పూయండి. ఆరాక రెండింటినీ పక్కపక్కన ఎండలో పెట్టండి. పదకొండు గంటలకు పెట్టి ఒంటిగంటకు ముట్టుకోండి. మసి పూసిన ముక్కను మెల్లగా ముట్టుకోండి, చుర్రుమంటుంది. సున్నం పూసింది అంత కాలదు.

ఎండ ఒకటే. పెంకు ఒకటే. రంగు ఒక్కటే వేరు. నలుపు ఎండను మింగుతుంది. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. కొత్తగా సున్నం కొట్టిన కప్పు మీద పది పాళ్ళ ఎండ పడితే ఏడు ఎనిమిది పాళ్ళు వెనక్కి పోతుంది. పాచి పట్టి నల్లబడిన స్లాబు మీద పడితే రెండు పాళ్ళు వెనక్కి పోతే గొప్ప. మిగతాదంతా లోపలికే. నల్లని కప్పు నడి ఎండలో 65 డిగ్రీల దాకా కాగుతుంది. తెల్లని కప్పు దానికన్నా పాతిక డిగ్రీలు తక్కువ ఉండగలదు.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. కొత్త ఇనుప రేకు తళతళ మెరుస్తుంది కదా, అది ఎందుకు కాలుతుంది? మెరిసే రేకు కూడా కొంత ఎండను వెనక్కి పంపుతుంది. కాని మింగిన వేడిని తొందరగా బయటికి వదలదు. తెల్లరంగు రెండు పనులూ చేస్తుంది. ఎక్కువ ఎండను వెనక్కి కొడుతుంది. మింగిన కాస్త వేడినీ త్వరగా ఆకాశంలోకి వదిలేస్తుంది. అందుకే మెరిసే రేకు మీద కూడా తెల్లరంగు వేయాలి.

ఇంకో అనుమానం. చలికాలంలో ఇల్లు మరీ చల్లబడదా? కొంచెం చల్లబడుతుంది. కాని మన చలి ఎన్నాళ్ళు? శివరాత్రికే శివశివా అంటూ పోతుంది. అమెరికాలో ఇళ్ళ కప్పు మీద షింగిల్స్ అనే పలకలు పరుస్తారు. మంచు కురిసే చోట నెలల తరబడి ఇంటిని వెచ్చగా ఉంచుకోవాలి. అక్కడివాళ్ళకు ముదురు రంగు పలకలు కొంత మేలు. అదే దేశంలో ఎండలు మండే చోట లేత రంగు పలకలే వేసుకోమంటారు. మనది ఎండల దేశం.

తెల్ల కప్పు వేస్తే గదిలో ఎంత తేడా వస్తుంది? 2017లో హైదరాబాదులో ఒక పేదల బస్తీలో పరీక్ష చేశారు. 25 ఇళ్ళ కప్పుల మీద తెల్లని పొర పరిచారు. పొర లేని ఇళ్ళకన్నా ఆ ఇళ్ళలో సగటున 2 డిగ్రీలు వేడి తగ్గింది. రెండేనా అనకండి. ఆ గదిలోనే రోజంతా బీడీలు చుట్టే అక్కను, మిషను కుట్టే చెల్లిని అడగండి. బాలింత, పసిబిడ్డ, మంచాన పడ్డ ముసలివాళ్ళు గది వదిలి ఎక్కడికి పోతారు? 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. వడదెబ్బ పొలంలోనే తగులుతుందని అనుకోవద్దు. ఇంట్లో ఉన్నవాళ్ళకూ తగులుతుంది.

కరెంటు బిల్లు సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. మీ ఇంట్లో ఒక ఫ్యాను, ఒక బల్బు మాత్రమే ఉంటే బిల్లు పెద్దగా తగ్గదు. ఒళ్ళు సుఖపడుతుంది, అంతే. ఏసీ ఉంటే మాత్రం తేడా తెలుస్తుంది. గది తక్కువ వేడెక్కితే ఏసీ తక్కువసేపు పని చేస్తుంది. మీటరు కూడా నెమ్మదిగా తిరుగుతుంది. ఇంట్లో ఫ్రిజ్ ఉంటే దానికీ కాస్త పని తగ్గుతుంది.

ఒక ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలు వినండి.

"సున్నం గోడలకు వేస్తారు గాని కప్పు మీద ఎవరు వేస్తారే? అది ఎవరికి కనబడుతుంది?"

"సూర్యుడికి కనబడుతుంది అత్తమ్మా!"

"వాన పడితే కొట్టుకుపోదూ?"

"కొంత పోతుంది. పండక్కి గోడలకు ఏటేటా వేయడం లేదా? ఇదీ అంతే."

కోడలు చెప్పింది నిజమే. సున్నం ఎక్కువ కాలం ఉండదు. వానకు కరుగుతుంది, దుమ్ముకు మాస్తుంది. అందుకే ఏటా ఎండలు ముదరకముందే, శివరాత్రి నాటికి వేసుకోవాలి. కప్పుల కోసమే చేసిన తెల్లరంగులు దుకాణంలో దొరుకుతాయి. అవి కొన్నేళ్ళు ఉంటాయి గాని ఖరీదు ఎక్కువ.

సున్నం వేసే పద్ధతి ఇది. ముందు స్లాబు ఊడ్చి, పాచి గీకి, కడగాలి. పగుళ్ళు ఉంటే సిమెంటుతో పూడ్చాలి. సున్నాన్ని ముందురోజే నీళ్ళలో నానబెట్టాలి. రాతి సున్నం మీద నీళ్ళు పడితే కుతకుత ఉడుకుతుంది. అప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. కంట్లో చింది పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే చాలాసేపు మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. నానిన సున్నాన్ని గుడ్డలో వడకట్టి జిగురు కలపాలి. ఈ జిగురు రంగుల దుకాణంలో దొరుకుతుంది. అది కలిపితే సున్నం చేతికి అంటుకోకుండా గట్టిగా పట్టుకుంటుంది. ఒక పూత ఆరాక ఇంకో పూత, అలా రెండు మూడు పూతలు వేయాలి. చల్లపూట వేయండి. ఎండలో ఆ తెలుపు కళ్ళకు మిరుమిట్లు కొడుతుంది.

సిమెంటు రేకుల ఇల్లయితే జాగ్రత్త. రేకు మీద కాలు పెడితే విరిగి కింద పడతారు. పాత రేకును పొడిగా గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు విషం. దాన్ని గీకొద్దు. అలవాటున్న మనిషి చేత, పలక వేయించి, తెల్లరంగు పూయించండి.

2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం తెచ్చింది. ప్రభుత్వ భవనాలు, వ్యాపార భవనాలు, 600 చదరపు గజాలు అంతకుమించిన స్థలంలో కట్టే ఇళ్ళు చల్లని కప్పు వేయాలని అందులో ఉంది. అంతకన్నా చిన్న ఇళ్ళవాళ్ళకు బలవంతం లేదు, ఇష్టముంటే వేసుకోవచ్చు. కాని ఎక్కువ ఉడికేది చిన్న ఇళ్ళే కదా! అందుకని పొదుపు సంఘంలో ఈ మాట ఎత్తండి. పదిమంది కలిసి సున్నం కొంటే చవకగా వస్తుంది. కూలి కూడా కలిసొస్తుంది. అద్దె ఇల్లయితే ఇంటి ఓనరును అడగండి. సున్నం మేమే కొంటాం, పైకి ఎక్కనివ్వండి అంటే చాలామంది కాదనరు.

ముందు కప్పు కొలవాలి. పొడవు 20 అడుగులు, వెడల్పు 15 అడుగులు అనుకోండి. 20ని 15తో హెచ్చిస్తే 300. అంటే 300 చదరపు అడుగులు. ఈ లెక్క చెబితే ఎంత సున్నం కావాలో దుకాణంవాడు చెబుతాడు. మీ ఇంటి లెక్క ఇక్కడ రాయండి.

మా ఇంటి కప్పు పొడవు ............ అడుగులు.
వెడల్పు ............ అడుగులు.
మొత్తం ............ చదరపు అడుగులు.
ఇప్పుడు దాని రంగు ............