చూసే ముందే తేల్చుకోండి

బళ్లారి కోటగుడ్డ రాతిమెట్లు ఎక్కుతూ పదడుగులకోసారి మణికట్టు తిప్పి చూసుకునేవాళ్లను గమనించండి. 118 కనబడితే ముఖం వెలుగుతుంది, 151 కనబడితే వాడుతుంది. ఆ తర్వాత ఏం చేస్తారంటే, ఏమీ చెయ్యరు. అదే నడక, అదే ఊపు, పదడుగులకు మళ్లీ అదే చూపు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో అప్పటికప్పుడు చూపించే యాప్ ఇప్పుడు చాలామంది ఫోన్లలో ఉంది. ఆ అంకెతో ఏం చెయ్యాలో తెలిసినవాళ్లే తక్కువ. నా సలహా ఒక్కటే: అంకె ఎంతుంటే ఏం చేస్తారో తేల్చుకున్నాకే తెర చూడండి. నిర్ణయం లేని చూపు వట్టి చాపల్యం.

ముందు ఆ అంకె ఎలా పుడుతుందో తెలిస్తే దాని మీద మోజూ తగ్గుతుంది, భయమూ తగ్గుతుంది. వాచీ అడుగున ఉన్న పచ్చలైటు చర్మంలోకి పడుతుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా అక్కడ రక్తం పెరిగి, కాంతిని కాస్త ఎక్కువగా పీల్చుకుంటుంది. తిరిగొచ్చే వెలుగులోని ఆ హెచ్చుతగ్గులను వాచీ లెక్కగట్టి, కొన్ని సెకన్ల సగటు తీసి, బ్లూటూత్‌లో ఫోన్‌కి పంపుతుంది. కాబట్టి తెర మీద ఉన్నది కాసేపటి కిందటి గుండె. గబగబా ఎక్కి నిలబడ్డాక కూడా అంకె పైకే పోతుంటే కంగారు పడకండి, అది వెనకబడి వస్తోందంతే. పట్టీ వదులైతే, చేతులు బాగా ఊగితే, వాచీ ఒక్కోసారి గుండెను వదిలేసి మీ అడుగుల లయనే లెక్కపెడుతుంది. తాపీగా నడుస్తుంటే 170 కనబడిందంటే ముందు పట్టీ బిగించి చూడండి. ఛాతీకి కట్టుకునే బెల్టు గుండె విద్యుత్ సంకేతాన్నే అందుకుంటుంది కనుక, వేగం మాటిమాటికీ మారే వ్యాయామంలో దాని మాటే నమ్మకం. వైర్లు లేని అలాంటి పరికరాన్ని ఫిన్లాండ్ కంపెనీ పోలార్ 1982లోనే బజారులోకి తెచ్చింది.

అడుగుల లెక్కా అంతంత మాత్రమే. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ లెక్క పది సెకన్ల దాకా ఆలస్యంగా రావచ్చు. చెయ్యి ఊగకపోతే చేతి వాచీకి నడక అందదు. రెండు చేతులూ తోపుడుబండికి ఆనించి పొద్దంతా వీధులు తిరిగే మనిషి అడుగుల్లో చాలావాటిని అది వదిలేస్తుంది. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ వల్ల యాప్ మధ్యలో ఆగిపోతే గ్రాఫ్‌లో ఖాళీ పడుతుంది. మీరు నడవలేదని దానర్థం కాదు. ఇక ఆ పదివేల అడుగుల లక్ష్యం ఏ డాక్టరూ రాసిచ్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి అది లోకమంతా పాకింది.

సరే, దేన్ని చూడాలి? నడిచేటప్పుడు గుండె వేగం ఒక్కటి చాలు. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం సుమారుగా తెలుస్తుంది. 45 ఏళ్లవారికి అది 175. అందులో సగం నుంచి 70 శాతం వరకు, అంటే 88 నుంచి 122 దాకా, మధ్యస్థ వ్యాయామం. ఒకే వయసువాళ్ల మధ్య కూడా ఈ గరిష్ఠంలో పది పన్నెండు అటూ ఇటూ తేడా ఉంటుంది కనుక గీత మరీ సన్నగా గీయకండి. ఇప్పుడు ఒక చిన్న కాగితం మీద రాసుకోండి: ‘125 దాటితే వేగం తగ్గిస్తాను. 95 కంటే కిందకి జారితే పెంచుతాను. మధ్యలో ఉంటే తెర జోలికి పోను.’ ఇంతే. యాప్‌లో ఈ హద్దులకు అలారం పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది, అది మోగేదాకా చెయ్యి తిప్పే పనే ఉండదు. తోడొచ్చినవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే మీరు సరైన చోటే ఉన్నట్టు. ఈ పరీక్షకు చార్జింగ్ కూడా అక్కర్లేదు.

మన కోట గురించి ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. 18వ శతాబ్దంలో హైదర్ అలీ ఒక ఫ్రెంచ్ ఇంజనీరుతో కోటను పటిష్ఠం చేయించాడట. అంతా అయ్యాక చూస్తే పక్కనున్న కుంబార గుడ్డ కోటకంటే ఎత్తుగా ఉందట. శత్రువు అక్కడ ఫిరంగి పెడితే కోట లోపలంతా దొరికిపోతుంది. కోపంతో హైదర్ అతణ్ని ఉరి తీయించాడంటారు. నిజమెంతో గానీ, యాప్ చూసుకునేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే కథ నాకు దొరకలేదు. మీ పక్క గుడ్డలు వాచీకి కనబడవు. ఏప్రిల్, మే నెలల్లో బళ్లారి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మంవైపు మళ్లుతుంది కాబట్టి, డిసెంబరులో నడిచిన వేగానికే గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. రాత్రి నిద్ర చాలకపోయినా అంతే. బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు దీనికి ఎదురు, గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వాడేవారికి 220 లెక్క పనికిరాదు, హద్దులు డాక్టరునే అడగాలి.

బళ్లారి నుంచి తోరణగల్లు దారి పడితే విజయనగర్‌లో, ఉక్కు కర్మాగారం పక్కన, 2018లో మొదలైన ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ ఉంది. 2019లో మోచేతి ఆపరేషన్ తర్వాత నీరజ్ చోప్రా కోలుకుంటూ సాధన చేసింది అక్కడే. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో 87.58 మీటర్ల దూరం ఈటె విసిరి బంగారు పతకం తెచ్చాడు. అలాంటి చోట ఆటగాడు ఆడతాడు, కొలతలు చదవడానికి వేరే నిపుణులుంటారు. మనకు కోచ్ లేడు కాబట్టి రెండు పనులూ ఒకేసారి నెత్తికెత్తుకుని, రెండూ అరకొరగా చేస్తున్నాం. వేళలు విడదీయండి. నడిచేటప్పుడు నడకే. ఆదివారం ఓ పావుగంట కూర్చుని వారం గ్రాఫ్ చూడండి. పొద్దున లేవగానే ఉన్న గుండె వేగం వారాల తరబడి నెమ్మదిగా తగ్గుతోందా? వ్యాయామం ఒంటికి పడుతోందని ధైర్యపడవచ్చు. ఉన్నట్టుండి రెండు మూడు రోజులు పెరిగిందా? ఆ రోజుల్లో తేలిగ్గా నడవండి.

కేలరీల గడిని మాత్రం చూడకపోయినా నష్టం లేదు. 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షిస్తే, గుండె వేగాన్ని ఆరు బాగానే చెప్పాయి. ఖర్చయిన కేలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. ‘320 కేలరీలు కరిగాయి’ అని చూసి మిర్చిబజ్జీల బండి దగ్గర ఆగేవారు ఈ మాట గుర్తుంచుకోండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఏ అంకెనూ చూడొద్దు. ఛాతీ పట్టేసినా, ఎడమచెయ్యి లాగినా, చల్లచెమట పట్టినా, కళ్లు తిరిగినా తెర మీద 84 ఉందని నడక సాగించకండి. అక్కడే కూర్చోండి, పక్కవాళ్లను పిలవండి, అంబులెన్స్‌కు ఫోన్ చేయించండి. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి బళ్లారి ఇటు మిగిలింది గానీ, సరిహద్దుకు అటైనా ఇటైనా ఆ నంబరు ఒక్కటే: 108.