తెరుచుకోని జవాబుపత్రం

కాగితంపై రాసిన జవాబును దిద్దే ఉపాధ్యాయునికి విద్యార్థి ఏ కలంతో రాశాడో తెలియనక్కరలేదు. కంప్యూటర్‌పై తయారైన జవాబు సంగతి వేరు. అక్షరాలను, బొమ్మలను, పట్టికలను కంప్యూటర్ అంకెల వరుసగా మార్చి ఫైలులో భద్రపరుస్తుంది. ఈ భద్రపరిచే పద్ధతినే ఫార్మాటు అంటారు. దాని నియమాలను అందరికీ వెల్లడించి, ఎవరైనా వాడుకొనే వీలు కల్పిస్తే అది ఓపెన్ ఫార్మాటు అవుతుంది. నియమాలు ఒక్క సంస్థ గుప్పిట్లోనే ఉంటే, ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ లేనివారికి ఆ ఫైలు తాళం వేసిన పెట్టెతో సమానం.

ఇంగ్లండు పాఠశాలల్లో ఈ చిక్కు పరీక్షల దాకా వచ్చింది. అక్కడ వ్రాతపరీక్షతో పాటు విద్యార్థులు నెలల తరబడి చేసిన ప్రాజెక్టులకూ మార్కులు వేసే పద్ధతి చాలాకాలం విస్తృతంగా సాగింది. దానిని కోర్సువర్కు అనేవారు. 2005లో ఎడెక్సెల్ అనే పరీక్షల సంస్థ 'డిప్లొమా ఇన్ డిజిటల్ అప్లికేషన్స్' అనే కోర్సును ప్రవేశపెట్టింది. అందులో కాగితానికి తావు లేదు. విద్యార్థి తన పోస్టర్లను, సర్వే ఫలితాలను, నివేదికలను వెబ్‌సైటు రూపంలో కూర్చి సమర్పించాలి. ఒక్కొక్క పాఠశాలలో ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ ఉండవచ్చు. మార్కులను సరిచూసే మోడరేటర్ వాటన్నిటినీ కొని ఉంచుకోలేడు కదా! అందుచేత తాను అంగీకరించే ఫార్మాట్లను ఆ సంస్థ ముందే నిర్ణయించింది. వర్డ్‌లో రాసిన నివేదికను పి.డి.ఎఫ్. లేదా హెచ్.టి.ఎం.ఎల్. వంటి రూపంలోకి మార్చి ఇవ్వాలి.

ఈ నియమం విద్యార్థికి భారంగా తోచినా, అతనికి రక్ష కూడా అదే. 2007లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కొత్త రూపం వచ్చినప్పుడు వర్డ్ ఫైలు ఫార్మాటు మారింది. ఇంట్లో కొత్త సాఫ్ట్‌వేర్‌తో రాసిన ఫైలు, బడిలోని పాత సాఫ్ట్‌వేర్‌లో అదనపు ప్రోగ్రాం చేర్చుకొంటే తప్ప తెరుచుకొనేది కాదు. గడువు నాడు అలా జరిగితే, నెలల శ్రమ ఉండీ లేనట్లే.

అయితే ఆ జాబితాలోని ఫార్మాట్లన్నిటి గతి ఒక్కటి కాలేదు. యానిమేషన్లకు అనుమతించిన ఫ్లాష్, నివేదికలకు అనుమతించిన పి.డి.ఎఫ్. రెండూ అడోబీ సంస్థ చేతిలో ఉండేవి. పి.డి.ఎఫ్. నియమాలు 1993 నుంచే అందరికీ అందుబాటులో ఉన్నాయి. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణమయింది. దానిని చదివే ప్రోగ్రాములను ఎందరో తయారు చేశారు. ఫ్లాష్ మాత్రం ప్రధానంగా ఆ సంస్థ ఇచ్చే ప్లేయర్‌నే నమ్ముకొంది. 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి స్వస్తి చెప్పింది. ఆనాటి విద్యార్థుల నివేదికలు నేటికీ తెరుచుకొంటాయి. వారి యానిమేషన్లను చూడాలంటే ప్రత్యేక ప్రోగ్రాములను ఆశ్రయించాలి.

తెలుగువారికి ఈ అనుభవం కొత్త కాదు. మన డి.టి.పి. ఫాంట్లు చాలావరకు ఆంగ్లాక్షరాల స్థానాల్లో తెలుగు లిపి ముక్కలను ఇముడ్చుకొన్నాయి. అమరిక ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క తీరు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు వాక్యం అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపుగా కనిపించేది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు చోటు దక్కినా, ముద్రణాలయాలు పాత ఫాంట్లతోనే చాలా ఏళ్లు పనిచేశాయి. అలా కూర్చిన పుస్తకాన్ని తిరిగి అచ్చు వేయాలంటే, ముందుగా అది ఏ ఫాంటులో ఉందో తెలిసిన మనిషిని వెతకవలసి వస్తుంది.