రాతిపొరలలో యురేనియం అన్వేషణ

ఊరి పొలిమేరలో జీపు ఆగి, నలుగురు మనుష్యులు చేతిపెట్టెలతో గుట్టవైపు నడచినచో ఊరిలో రెండు మాటలు పుట్టును. బంగారము దొరికినదని కొందరు, ఊరు లేచిపోవునని కొందరు. పంచాయతీ సభ్యులు ఆ రెంటిని నమ్మక, జరుగుచున్న పని యేమో తెలిసికొనుట మేలు.

ఈ అన్వేషణ కేంద్ర అణుశక్తి శాఖకు చెందిన అణు ఖనిజ సంస్థ చేయుచున్నది. 1949లో ఆరంభమైన యీ సంస్థకు హైదరాబాదు బేగంపేటలో ప్రధాన కార్యాలయము గలదు.

ప్రాణవాయువు గల నీటిలో యురేనియం కరగి ప్రవహించును. నాచు, కుళ్ళిన ఆకు అలము, ఇనుము గంధకము కలిసిన ఖనిజములు ఉన్న చోట అది నీటిని విడిచి రాతియందు పేరుకొనును. అందుచేతనే పూర్వము సముద్రపు టడుగున పొరలు పొరలుగా ఏర్పడిన కడప ప్రాంతపు రాళ్ళపై అన్వేషకుల దృష్టి నిలిచినది. ముగ్గురాయి త్రవ్వు పులివెందుల ప్రాంతముననే, తుమ్మలపల్లె వద్ద, సున్నపురాతి జాతికి చెందిన డోలమైటు పొరలో యురేనియం మైళ్ళకొలది సాగియున్నది. దానితో మాలిబ్డినం కూడ కొంత కలదు. నల్లగొండ జిల్లా లంబాపురం, పెద్దగట్టులయందు తీరు వేరు. అచట గ్రానైటుపై ఇసుకరాతి జాతి పొర కూర్చున్న సందున ఖనిజము చేరినది.

చేతిపెట్టె రాతి కిరణములను కొలుచును. అయితే రెండు మూడు అడుగుల మట్టి అడ్డమైనచో ఆ కిరణములు చాలవరకు అణగిపోవును. కావున పెట్టె పలుకనంత మాత్రమున క్రింద ఏమియు లేదనరాదు. అందుకే బావుల నీరు సీసాలలో పట్టుకొనిపోవుదురు. పిదప బోరు వేసి, రాతి కడ్డీలను పైకి తీసి పరీక్షింతురు. బోరు వేసిన ప్రతిచోట గని వచ్చునని భయపడ నక్కరలేదు. పెక్కు బోర్లు వట్టివిగానే ముగియును.

గని వచ్చినచో విషయము వేరు. 2012లో పని ప్రారంభమైన తుమ్మలపల్లెలో టన్ను రాతికి అరకిలో యురేనియమైనను రాదు. రాయిని పిండిచేసి, సోడా ద్రావణముతో ఉడికించి, లోహము తీసిన పిమ్మట మిగిలిన బురదనంతను చెరువువలె కట్టిన గుంటలో నిలువచేయవలెను. ఆ గుంటవలన తమ బావులు చెడినవని సమీప గ్రామమైన కొట్టాల రైతులు మొరపెట్టుకొనిరి. నల్లమలలో అన్వేషణ మాటకే ప్రజలు ఆందోళన చేయగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ అచట యురేనియం గనులు వలదని తీర్మానించినది.

ఇచట చిక్కొకటి గలదు. గని లేని గ్రానైటు నేలలలోను బోరునీట యురేనియం సహజముగా నుండవచ్చును. త్రాగునీట లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మొదట ఎంత యుండెనో వ్రాసియుంచని గ్రామము, తరువాత నీరు చెడినదని చెప్పినను ఋజువు చేయజాలదు. అధికారులును చెడలేదని ఋజువు చేయజాలరు.

కావున జీపు వచ్చిన వారముననే నాలుగైదు బావుల నీరు పరీక్షకు పంపి, ఏ బావి, ఎంత లోతు, ఏ తేదీ, ఎంత యురేనియం అను వివరములను పంచాయతీ పుస్తకమున వ్రాసికొనవలెనని మేము కోరుచున్నాము. వేసవి యందొకమారు, వానల పిదప నొకమారు పరీక్షింపవలెను. పని ముగిసిన బోరు నోటిని సిమెంటుతో మూసిరో లేదో ఒక సభ్యుడు స్వయముగా పోయి చూచి రావలెను.