త్రాగుడుకు బానిసైన సోదరుణ్ణి ఆదుకుందాం

సారాయి హరామ్ అని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా కొన్ని కుటుంబాల్లో ఈ జాడ్యం ప్రవేశించింది. అప్పుడు మనం ఏం చేస్తున్నాం? పరువు పోతుందని దాచిపెడుతున్నాం. లేదా ఆ వ్యక్తిని అసహ్యించుకుని దూరం పెడుతున్నాం. ఈ రెండూ అతణ్ణి కాపాడలేవు.

దివ్య ఖుర్ఆన్ మద్యాన్ని క్రమక్రమంగా నిషేధించింది. మొదట దానిలో లాభం కన్నా కీడే ఎక్కువని తెలిపింది (2:219). తరువాత మత్తులో ఉండి నమాజు దరిదాపులకు పోవద్దన్నది (4:43). చివరకు దాన్ని షైతాను పనిగా ప్రకటించి, పూర్తిగా విసర్జించమని ఆజ్ఞాపించింది (5:90). ఆ ఆజ్ఞ విన్న మదీనావాసులు పారబోసిన సారాయి వీధుల్లో ప్రవహించింది (బుఖారీ). మందు కోసమే సారాయి తయారుచేస్తున్నానన్న ఒక సహచరునికి దైవప్రవక్త (స) అది మందు కాదు, రోగమని తెలియజేశారు (ముస్లిం).

నేటి వైద్యులు చెబుతున్నదీ ఇదే. ఎంత కొద్దిగా త్రాగినా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. మద్యం కాలేయాన్ని పాడుచేస్తుంది. రక్తపోటును పెంచుతుంది. నరాలను, జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దప్రేగు, రొమ్ము క్యాన్సర్లకు దారితీస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా త్రాగినవారు ఒక్కసారిగా మానితే చేతులు వణకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజుల్లో మతి తప్పి, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. కనుక గదిలో బంధించి మాన్పించాలని చూడకండి. తౌబా చేసిన రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. చికిత్స పొందటం విశ్వాస లోపం కాదు.

హైదరాబాద్ ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలున్నాయి. టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మత్తు విముక్తి కోసం 14446 జాతీయ సహాయ నంబరు ఉంది. త్రాగుడు మానదలచినవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు రుసుము లేదు.

త్రాగి శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపించగా, అతనికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దని దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ). పాపాన్ని ద్వేషిద్దాం, కాని పాపిని షైతానుకు అప్పగించవద్దు. అల్లాహ్ మన ఇళ్ళను ఈ కీడు నుండి కాపాడుగాక! ఆమీన్.