ఐఈసీ వచ్చినంత మాత్రాన అమాక్సిసిలిన్ రాదు

బీఫార్మసీ చివరి ఏడాదిలో ఉన్న పిల్లల ఇళ్లలో తరచూ వినబడే మాట ఒకటుంది: ‘ఒకరి కింద పనెందుకు? చైనా నుంచి మందుల ముడిసరుకు తెప్పించి జీడిమెట్ల కంపెనీలకు అమ్ముకో.’ ఆ ఆశ మీదే ఇంపోర్ట్-ఎక్స్‌పోర్ట్ కోచింగులు బతుకుతున్నాయి. అక్కడ గొప్పగా చేతిలో పెట్టేది ఐఈసీ, అంటే దిగుమతి, ఎగుమతిదారుల కోడ్. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) పోర్టల్‌లో 500 రూపాయలు కట్టి, పాన్, బ్యాంకు వివరాలు ఇస్తే ఎవరికి వారే తెచ్చుకోగల కాగితం అది. దానికి వేలకు వేలు పోయడం ఒక నష్టం. దాంతో యాంటీబయాటిక్స్ దిగుమతి చేసేయొచ్చని నమ్మడం అంతకన్నా పెద్ద నష్టం.

అమాక్సిసిలిన్ ట్రైహైడ్రేట్ పొడినే తీసుకుందాం. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింది డ్రగ్స్ రూల్స్ ప్రకారం, దాన్ని తయారుచేసే విదేశీ ఫ్యాక్టరీకీ ఆ మందుకీ ముందు ఫారం 41లో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆపైన దిగుమతిదారు ఫారం 10లో లైసెన్సు తీసుకోవాలి. రెండూ ఇచ్చేది కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవోనే. రిజిస్ట్రేషన్ ఫీజే ఫ్యాక్టరీకి 10,000 డాలర్లు, ఒక్కో మందుకు 5,000 డాలర్లు. ఇక్కడి ఏజెంటుకు మందుల తయారీ లైసెన్సో హోల్‌సేల్ లైసెన్సో ఉండి తీరాలి. ఇవన్నీ ఉన్నా సరుకు నవసేవ, చెన్నై, హైదరాబాద్ విమానాశ్రయం లాంటి నోటిఫై చేసిన చోట్లే దిగాలి. కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం బిల్ ఆఫ్ ఎంట్రీలో పొడిని 2941 అనే కస్టమ్స్ శీర్షిక కింద చూపాలి. అదే మందు క్యాప్సూల్‌గా వస్తే 3004. డ్రమ్ము లేబుల్ మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్‌తో పొల్లుపోకుండా కలవాలి. లేబుల్ మీద అదే కంపెనీకి చెందిన వేరే ప్లాంటు చిరునామా కనిపిస్తే, అది రిజిస్టర్ కాని ఫ్యాక్టరీ సరుకు కిందే లెక్క. దిగుమతి నాటికి గడువులో మామూలుగా 60 శాతమైనా మిగిలి ఉండాలి. డ్రగ్స్ కంట్రోలర్ పోర్టు ఆఫీసు ఎన్‌వోసీ ఇచ్చేదాకా కస్టమ్స్ సరుకు వదలదు, డెమరేజీ మాత్రం రోజూ పెరుగుతుంది.

ఇరవై రెండేళ్ల పిల్లల నెత్తిన ఈ బరువంతా పెట్టి, పొలం తాకట్టు డబ్బు చేతికిచ్చి, ‘ఫలానావాళ్ల అబ్బాయి చేయలేదా’ అని పోల్చడం అన్యాయం. లైసెన్సు లేకుండా తెప్పించిన మందు చట్టరీత్యా నిషిద్ధ సరుకు. జప్తు అయితే పోయేది పెట్టుబడి ఒక్కటే కాదు, కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది. ఆ సంగతి ఏ కోచింగు కరపత్రంలోనూ ఉండదు.

అలాగని ఈ రంగం వద్దని కాదు. పైన చెప్పిన కాగితాలను తప్పు లేకుండా నడిపించేవాళ్లు ప్రతి బల్క్ డ్రగ్ కంపెనీకీ, మందుల సరుకు చూసే ప్రతి కస్టమ్స్ బ్రోకరుకీ కావాలి. ఫార్మసీ చదివినవాళ్లు అనాలిసిస్ సర్టిఫికెట్‌ను అర్థం చేసుకుని చదవగలరు. కామర్స్ చదివినవాళ్లకు అది పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. అందుకే నా ఓటు రెగ్యులేటరీ విభాగంలోనో బ్రోకరు ఆఫీసులోనో చిన్న ఉద్యోగానికే. బ్రోకరు లైసెన్సుకు డిగ్రీతోపాటు తగిన అర్హతో అనుభవమో ఉండి, 2018 నాటి కస్టమ్స్ బ్రోకర్ల నిబంధనల కింద పెట్టే పరీక్ష గట్టెక్కాలి.

మొదట్లో జీతం తక్కువే అంటారు. నిజమే, కానీ ఆ రెండు మూడేళ్లలో అవతలివాళ్ల డబ్బుతో పని నేర్చుకుంటారు. ఇప్పుడంతా ఆన్‌లైనే కదా అనేవాళ్లూ ఉన్నారు. దరఖాస్తు సీడీఎస్‌సీవో పోర్టల్ సుగమ్‌లో, బిల్ ఆఫ్ ఎంట్రీ కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో వెళ్తాయి సరే, తప్పు శీర్షిక కొడితే బాధ్యత పోర్టల్ మోయదు. కాకినాడ జిల్లాలో అమాక్సిసిలిన్‌కు మూలమైన పెనిసిలిన్-జి ప్లాంటు వచ్చింది, ఇక దిగుమతులెక్కడివన్నది మూడో అభ్యంతరం. చౌక చైనా సరుకు తాకిడికి మన ఫెర్మెంటేషన్ ప్లాంట్లు మూతపడ్డాక, వాటిని మళ్లీ నిలబెట్టడానికి 2020లో ప్రోత్సాహక పథకమే పెట్టాల్సి వచ్చింది. ఒక్క ప్లాంటుతో అన్ని యాంటీబయాటిక్స్ ఇక్కడే తయారైపోవు. రేపు మనమే ఎగుమతి చేసినా బ్యాచ్ నంబర్లు, అనాలిసిస్ సర్టిఫికెట్లు, కస్టమ్స్ శీర్షికలు మారవు. కోచింగులో చేరేముందు సీడీఎస్‌సీవో వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే డ్రగ్స్ రూల్స్ తెరిచి, దిగుమతుల భాగం ఒక్కసారి పూర్తిగా చదవండి. అది విసుగనిపించకపోతే ఈ పని మీకు నప్పుతుంది.