ఏ సెల్ ముందు వేడెక్కుతుందో చెప్పగలరా?

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. అలాంటి ప్రమాదాలు వరసగా జరిగాకే విద్యుత్ వాహనాల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలు గట్టిపడ్డాయి. 2022 డిసెంబరులో కొన్ని, 2023 మార్చి ఆఖరున మిగతావి అమల్లోకి వచ్చాయి. దాంతో బ్యాటరీ వేడిని పరీక్షించేవాళ్ల అవసరం పెరిగింది. ఈవీ (విద్యుత్ వాహనం) అనగానే మన పిల్లలు సాఫ్ట్‌వేర్ వైపే చూస్తున్నారు. మెకానికల్, కెమికల్ చదివినవాళ్లు ఈ బ్యాటరీ పరీక్షల దారి వదులుకోవద్దని నా మనవి.

అసలు లోపల జరిగేదేమిటి? సెల్ వేడి సుమారు 100 డిగ్రీలకు చేరేసరికి ఆనోడ్ మీది రక్షణ పొర చెదిరిపోతూ తనే వేడి పుట్టిస్తుంది. 130 దగ్గర పాలిథిలీన్ సెపరేటర్ కరుగుతుంది. రెండు ఎలక్ట్రోడ్లూ ఒకదాన్నొకటి తాకుతాయి. ఆపైన నికెల్ రకం కాథోడ్ అయితే ఆక్సిజన్ కూడా వదులుతుంది. ఇక బయటి గాలితో పని లేదు. ఇదే థర్మల్ రన్‌అవే. ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఇంకా ఎక్కువ వేడి దాకా తట్టుకుంటుంది, అయినా పూర్తిగా సురక్షితం కాదు.

దీన్ని కొలవడానికి ల్యాబ్‌లో ఏఆర్‌సీ (యాక్సిలరేటింగ్ రేట్ కేలరీమీటర్) అనే పరికరం ఉంటుంది. మందపాటి గోడల గదిలో సెల్ పెట్టి ఐదేసి డిగ్రీలు వేడి చేస్తారు, ఆగుతారు, చూస్తారు. నిమిషానికి 0.02 డిగ్రీ చొప్పున సెల్ సొంతంగా వేడెక్కడం మొదలైతే ప్రమాదం మొదలైనట్టే. ఆ చిన్న అంకెను పట్టాలంటే థర్మోకపుల్ సరిగ్గా అతికించడం రావాలి. నిజంగా ఓపిక కావాల్సిన పని అది.

ఇలాంటి పని ఎక్కడ దొరుకుతుంది? పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వాహన పరీక్షా కేంద్రాలు. పరిశోధన ఇష్టమైతే హైదరాబాద్ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ, కారైక్కుడిలో సీఈసీఆర్‌ఐ ఉన్నాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా గిగా కారిడార్ వస్తోంది. డిప్లొమా వాళ్లకు ప్యాక్ అసెంబ్లీ, వెల్డింగ్ తనిఖీ, బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) టెస్టింగ్ పనులుంటాయి.

ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ కన్నా ఒక గ్రాఫ్ పట్టుకెళ్లండి. లెక్చరర్ పక్కనుండగా, బాగున్న చిన్న ప్యాక్‌లో అంచు సెల్‌కీ మధ్య సెల్‌కీ థర్మిస్టర్లు అంటించి డిశ్చార్జ్ చేయండి. సాధారణంగా మధ్యదే ఎక్కువ వేడెక్కుతుంది. ఎందుకో మీ మాటల్లో చెప్పండి. హాస్టల్ గదిలో మాత్రం సెల్‌ని కోయడం, గుచ్చడం, వేడి చేయడం వద్దు. అలా చేస్తే వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉంటుంది.