ఆప్షన్ ఒప్పందంలో హక్కు ఎవరిది, బాధ్యత ఎవరిది? - పశ్చిమ ప్రకాశం వర్షాధార రైతు దృష్టితో ఒక పరిశీలన

సస్యశాస్త్ర విభాగానికి చెందినవాడు ఆప్షన్ల వ్యాపారమును గురించి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. దానికి కారణం చెప్పవలసి ఉన్నది. తర్లుపాడు పరిసరాలలో కందిలో శనగపచ్చ పురుగు యాజమాన్యంపై రైతు శిక్షణ ముగిసిన పిమ్మట, డిగ్రీ చదివిన ఒక యువకుడు చేతిలోని ఫోను చూపుతూ, "సార్, కాల్ అంటే పెరుగుతుందని పందెం, పుట్ అంటే తగ్గుతుందని పందెం. అంతేనా?" అని అడిగాడు. తండ్రి గుంటూరు యార్డులో మిరప అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత ఆ ఫోనులో ఉన్నదని తరువాత తెలిసింది. ఆనాడు నేనిచ్చిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ ప్రశ్న ఇకముందు తరచుగా ఎదురుకానున్నది. పురుగు మందుల మోతాదు చెప్పి, ఇది మాత్రం మాకు సంబంధించని విషయమని తప్పుకొనే అవకాశం లేదు.

ఆ యువకుని నిర్వచనంలో లోపించినది ఒక్కటే. కాల్, పుట్ అనునవి ధర కదలికకు పేర్లు కావు, హక్కులకు పేర్లు. నిర్ణీత ధరకు, నిర్ణీత గడువులోగా ఒక సరుకును కొనుటకు గల హక్కు కాల్. అమ్ముటకు గల హక్కు పుట్. ఆ నిర్ణీత ధరను స్ట్రైక్ ధర అంటారు. హక్కును కొన్నవాడు దానిని వినియోగించుకొనవచ్చు, వదులుకొననూవచ్చు. హక్కును అమ్మినవానికి ఆ స్వేచ్ఛ లేదు. అవతలివాడు కోరిన క్షణమున ఒప్పందం నెరవేర్చి తీరవలసిందే. ఈ అసమానతకు చెల్లించే మూల్యమే ప్రీమియం. ఆప్షన్ శాస్త్రమంతయు ఈ అసమానత నుండియే పుట్టినది.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో భూముల క్రయవిక్రయాలు ఎరిగినవారికి ఇది కొత్త కాదు. కొంత అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు వ్రాయించుకొన్నవాడు ధర పెరిగితే రిజిస్ట్రేషను చేయించుకొంటాడు. పడిపోతే అడ్వాన్సు పోయినదనుకొని తప్పుకొంటాడు. చట్టం దృష్టిలో ఆ అగ్రిమెంటు ఇరుపక్షాలను బంధిస్తుంది గనుక పోలిక సంపూర్ణం కాదు. ఆచరణలో మాత్రం అడ్వాన్సు ప్రీమియంగాను, అగ్రిమెంటు కాల్ ఆప్షన్‌గాను పనిచేస్తున్నవి. ఆప్షన్ చరిత్రలో తరచు ఉదహరించే తొలి వృత్తాంతం కూడా వ్యవసాయానికి చెందినదే. గ్రీకు తత్త్వవేత్త థేలీస్ ఆలివ్ పంట విరివిగా పండునని ముందుగా ఊహించి, చలికాలంలోనే మిలేటస్, కియోస్ ప్రాంతాల గానుగలన్నింటికి స్వల్ప అడ్వాన్సులిచ్చి వాటిపై హక్కు సంపాదించెనని, కోతలనాటికి గిరాకీ పెరుగగా తాను కోరిన రేటుకు వాటిని అద్దెకిచ్చెనని అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో పేర్కొన్నాడు. పంట చెడిపోయి ఉంటే థేలీస్ కోల్పోయేది ఆ అడ్వాన్సు మాత్రమే.

వర్షాధార రైతుకు పుట్ ఏల?

శనగ రైతును తీసుకొందాం. ఇక్కడి అంకెలన్నీ ఊహాత్మకములు, లెక్క బోధపడుటకు మాత్రమే. నవంబరులో విత్తిన రైతు మార్చి గడువుతో క్వింటాలు 5,600 రూపాయల స్ట్రైక్ ధరకు పుట్ కొని, క్వింటాలుకు 140 రూపాయలు ప్రీమియం చెల్లించెననుకొందాం. కోతలనాటికి ధర 4,800కు పడితే పుట్ ద్వారా 800 వస్తుంది. ప్రీమియం పోగా రైతుకు ముట్టే నికర ధర 5,460. ధర 6,400కు పెరిగితే పుట్‌ను వదలివేసి బజారులో అమ్ముకొంటాడు. ప్రీమియం పోగా 6,260 మిగులుతుంది. దిగువన ఒక నేల ఏర్పడినది, పైకప్పు మాత్రం లేదు.

ఫ్యూచర్స్ అమ్మి కూడా ధరను స్థిరపరచుకొనవచ్చు గదా అని విద్యార్థులు అడుగుతారు. నల్లరేగడిలో నిలువ తేమపై, రెండు రుతుపవనాల అంచున సాగుచేసే మన రైతుకు ఆ రెంటికీ గల భేదం ప్రాణప్రదమైనది. 100 క్వింటాళ్ల దిగుబడి వస్తుందని 5,600కు ఫ్యూచర్స్ అమ్మిన రైతుకు బెట్ట వల్ల 40 క్వింటాళ్లే చేతికి వచ్చి, ధర 6,800కు పెరిగెననుకొందాం. ఫ్యూచర్స్‌లో నష్టం 1,20,000 రూపాయలు. చేతిలోని 40 క్వింటాళ్లపై అదనంగా వచ్చేది 48,000 మాత్రమే. లేని పంటను అమ్మిన పాపానికి 72,000 తన జేబులోనుండి కట్టవలసి వస్తుంది. అంతకుముందే, ధర పెరిగిన ప్రతిరోజూ మార్జిను సొమ్ము సర్దవలసి ఉంటుంది. పుట్ కొన్న రైతు ఇదే పరిస్థితిలో కోల్పోయేది 14,000 ప్రీమియం. అమ్ముటకు హక్కే గాని అమ్మితీరవలసిన బాధ్యత అతనికి లేదు.

ఇందులో మరొక మెలిక ఉన్నది. పశ్చిమ ప్రకాశంలో వాన లేనంత మాత్రాన శనగ ధర పెరగదు. దేశపు ధరను నిర్ణయించేది మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్ పంట. మన చేను ఎండిన ఏడే అక్కడ విరగపండవచ్చు. దిగుబడి ఎంతో తెలియదు, ధర ఎంతో తెలియదు, ఒకటి రెండవదానికి ఊరట కలిగించునన్న భరోసా లేదు. కాలువ కింది రైతుకంటే మన రైతుకు బాధ్యత లేని హక్కు ఎక్కువ విలువైనదగుటకు కారణం ఇదే. అయితే పుట్ కాపాడేది ధరను మాత్రమే, దిగుబడిని కాదు. పంటల బీమాకు అది ప్రత్యామ్నాయం కాదని రైతుకు స్పష్టంగా చెప్పవలెను.

పూత రాలిన తరువాత వాన

ప్రీమియంలో రెండు భాగాలుంటవి. హక్కును ఈ క్షణమున వినియోగిస్తే వచ్చే విలువ ఒకటి. మిగిలిన గడువులో ధర ఇంకను అనుకూలించవచ్చునన్న ఆశకు కట్టిన వెల రెండవది. దీనిని కాలమూల్యం అనవచ్చును. గడువు ఎక్కువైనను, ధరలో ఒడిదుడుకులు ఎక్కువైనను కాలమూల్యం పెరుగుతుంది. అనిశ్చితి పెరిగితే వస్తువు విలువ తగ్గునని మనం సాధారణంగా భావిస్తాము. హక్కు విషయంలో ఇది తలక్రిందులు. నష్టం ప్రీమియంతో ఆగిపోతుంది, లాభానికి హద్దు లేదు గనుక ఊగిసలాట ఎంత పెద్దదైతే హక్కుకు అంత విలువ. గడువు సమీపించుకొలది కాలమూల్యం తరుగుతూ, చివరి దినాలలో వేగంగా కరగి, గడువు తీరగానే శూన్యమవుతుంది.

ఫోనులో వ్యాపారం చేసే యువకుడు సాధారణంగా కొనేది ఈ కరిగిపోయే భాగాన్నే. సూచీ 25,000 వద్ద ఉండగా, మూడు దినాల గడువు గల 25,200 కాల్‌ను 60 రూపాయలకు కొన్నాడనుకొందాం. లాటుకు 75 యూనిట్లయితే పెట్టుబడి 4,500. గడువునాటికి సూచీ 25,150కి చేరింది. పెరుగునని అతడు వేసిన అంచనా నిజమే, అయినను మొత్తం 4,500 పోయినది. లాభం రావలెనంటే సూచీ 25,260 దాటవలెను, అదియు ఆ మూడు దినాలలోనే. దిశ, పరిమాణం, కాలం మూడును కుదరవలెను. దీనిని మన విద్యార్థులకు బోధించుటకు కందిని మించిన ఉదాహరణ లేదు. పూత, పిందె దశలో ఒక్క తడి కావలసిన చేనుకు ఆ వాన పూత రాలిన తరువాత కురిస్తే వానమాపకంలో మిల్లీమీటర్లు నమోదవుతవి, గాదెలో గింజలు నమోదు కావు.

కొనుటలో నష్టం వస్తున్నది గదా, అమ్మితే ప్రీమియం మనకే వచ్చును గదా అన్న ఆలోచన తరువాతి మెట్టు. ప్రమాదమంతయు ఇక్కడ ఉన్నది. పై కాల్‌నే 60కి అమ్మినవానికి అధిక వారాలలో 4,500 నికరంగా మిగులుతుంది, అదే అతనికి నిపుణతగా కనిపిస్తుంది. ఒక వారం సూచీ 25,800కు ఎగబ్రాకితే అతడు యూనిట్‌కు 600 చెల్లించవలెను. ప్రీమియం పోగా నష్టం 540, లాటుకు 40,500. తొమ్మిది వారాల సంపాదన ఒక్క గడువులో హరించుకొనిపోయినది. సూచీ ఇంకను పెరిగి ఉంటే నష్టం ఇంకను పెరిగేది. ఆప్షన్ అమ్ముట అనగా ఊరందరికీ బీమా పత్రాలు వ్రాసి ఇచ్చుట. బీమా సంస్థకు నిధి ఉన్నది, వేల గ్రామాలలో పంచుకొన్న ప్రమాదం ఉన్నది. మిరప సొమ్ముతో కూర్చున్న ఒంటరి యువకునికి ఆ రెండును లేవు.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుండి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్ల వ్యాపారం చేసిన కోటికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటు నష్టం ఒక్కొక్కరికి సుమారు 2 లక్షల రూపాయలు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైమాట. లక్ష రూపాయలకు మించి లాభం మిగిలినవారు ఒక్క శాతమే. వీరిలో మూడువంతులకు పైగా తమ వార్షికాదాయం 5 లక్షలకు లోపని ప్రకటించినవారు. 72 శాతానికి పైగా మొదటి 30 నగరాలకు వెలుపలివారు. అనగా ఈ ప్రశ్న మార్కాపురం, గిద్దలూరు వంటి పట్టణాలకు చేరుట యాదృచ్ఛికం కాదు. అవతలి పక్షాన కంప్యూటర్ అల్గారిథంలతో వ్యాపారం చేసే సంస్థలు లాభపడినట్లు అదే అధ్యయనం చూపినది. ఆ పిమ్మట సెబీ కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచి, వారపు గడువులను ఒక్కొక్క ఎక్స్ఛేంజిలో ఒక సూచీకి పరిమితం చేసినది.

మన పంటలకు గల పుట్

ఇందులోని విడ్డూరం గమనింపదగినది. హక్కు అవసరం లేనివానికి ఫోనులో వందల ఆప్షన్లు లభిస్తున్నవి. అవసరమైన రైతుకు తన పంటపై ఒక్కటియు లేదు. కంది, మినుము ఫ్యూచర్స్‌ను 2007 జనవరిలో నిషేధించారు. 2018 జనవరిలో దేశంలో వ్యవసాయ ఆప్షన్లు ఆరంభమైనపుడు మొదటగా ఎన్నుకొన్నది మనం కూరగాయగా ఎరిగిన గోరుచిక్కుడు గింజను. శనగలో కొత్త కాంట్రాక్టులను 2021 ఆగస్టులో ఆపివేసి, డిసెంబరులో ఏడు సరుకుల డెరివేటివ్‌లను సెబీ నిలిపివేసినది. ఆ ఉత్తర్వును పలుమార్లు పొడిగించింది. నిషేధానికి ముందు కూడా శనగ కాంట్రాక్టు పరిమాణం 10 టన్నులు. ఎకరాకు 6 క్వింటాళ్లు పండితే ఒక్క లాటుకు పదహారు ఎకరాలకు పైగా కావలెను. చిన్న రైతు ఒంటరిగా చేరగల అంగడి కాదది. ఎప్పుడైనా తిరిగి తెరచినచో రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారానే చేరవలసి ఉంటుంది.

అయితే పశ్చిమ ప్రకాశం రైతు వద్ద ఒక పుట్ ఉన్నది. కనీస మద్దతు ధర అదే. స్ట్రైక్ ధర ప్రభుత్వం ప్రకటించినది: కందికి 2024-25లో క్వింటాలు 7,550, 2025-26లో 8,000 రూపాయలు. ప్రీమియం లేదు. హక్కు రైతుది, బాధ్యత ప్రభుత్వానిది. బజారు ధర ఎక్కువగా ఉంటే వర్తకునికి అమ్ముకొనుటకు అభ్యంతరం లేదు. గడువు కొనుగోలు కేంద్రం మూతపడు దినం. 2025లో కంది ధర మద్దతు ధరకంటే దిగువకు జారినపుడు ఈ హక్కు విలువ ఎంతటిదో రైతులకు అనుభవమైనది. మిరపకు అట్టి హక్కు ముందుగా లేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిన తరువాత మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించారు. విపత్తు తరువాత వ్రాసిన ఒప్పందం బీమా కాదు, సహాయం. విత్తేముందు దానిని లెక్కలోనికి తీసుకొనుటకు వీలులేదు.

మద్దతు ధర అను ఈ ఉచిత పుట్‌కు ప్రీమియం లేదన్నాను గాని, వినియోగించుకొనుటకు షరతులున్నవి. పంట ఈ-క్రాప్‌లో నమోదై ఉండవలెను. గింజలో తేమ 12 శాతం మించరాదు. నాణ్యతా ప్రమాణాలు, కొనుగోలు పరిమితులు ఉండనే ఉన్నవి. కౌలుదారు పేరున గాక భూయజమాని పేరున నమోదైతే హక్కు ఒకరి చేతికి, కష్టం మరొకరి చేతికి పోతుంది. నమోదు జరుగని కంది చేను గడువు తీరిన ఆప్షన్‌తో సమానం. కళ్లంలో మరి రెండు దినాలు ఎండబెట్టకుండా 14 శాతం తేమతో కేంద్రానికి తెచ్చిన బస్తాల సంగతియు అంతే.

తదుపరి శిక్షణలో నేను పురుగు యాజమాన్యానికి ముందు గంటసేపు నల్లబల్లపై ఈ లెక్కలు వేయించాను. పుట్ కొన్న రైతుగా ఒకరిని, అమ్మినవానిగా మరొకరిని నిలబెట్టి, ధరను చీటీ తీసి నిర్ణయించాము. అమ్మినవాని పాత్ర వహించుటకు రెండవ విడత ఎవరూ ముందుకు రాలేదు. ఆ పిమ్మట ఈ-క్రాప్ రసీదులు చూపమని అడుగగా, కౌలుకు చేస్తున్నవారిలో కొందరి వద్ద అవి లేవు. నమోదుకు ఇంకను వ్యవధి ఉండుటచే మధ్యాహ్నం తరగతిని నిలిపివేసి వారిని రైతు సేవా కేంద్రానికి పంపితిమి.